శౌక్, పేషా, సాక్సోఫోన్: తార్నాకా గల్లీల్లో రాయని తవారీఖ్

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఎవరు కట్టించారు అని మన పిల్లల్ని అడిగితే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అంటారు. కాస్త తవారీఖ్ చదివినవాళ్లు ఇంకో పేరు కూడా చెప్తారు: ఎర్నెస్ట్ జాస్పర్. బెల్జియం దేశపు ఆర్కిటెక్ట్. మంచి నమూనా కోసం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులను హుకూమత్ దేశదేశాలు తిప్పింది. వాళ్లకు మిస్ర్‌లో, అంటే ఈజిప్టులో దొరికినాయన ఈ జాస్పర్. 1934 జూలై 5న పునాదిరాయి పడింది. 1939 డిసెంబర్ 4న గులాబీ రంగు గ్రానైట్ ఇమారత్ తెరుచుకుంది. ఆయన పేరు పుస్తకాల్లో భద్రంగా ఉంది.

అదే బెల్జియం నుంచి ఇంకో మనిషి మెహనత్ కూడా మన తార్నాకాకు వచ్చింది. ఆయన పేరు అడాల్ఫ్ సాక్స్. 1814లో దినాఁ అనే ఊళ్లో పుట్టాడు. ఆయన ఎన్నడూ హిందుస్తాన్ మొహం చూడలేదు. కానీ ఆయన చేసిన ఇత్తడి బాజా, ఆయన పేరే మోస్తున్న సాక్సోఫోన్, మన గల్లీల్లో బారాత్‌ల ముందు అరవై డెబ్బై ఏళ్లుగా మోగుతోంది. ఇమారత్ గీసినవాడి పేరు తెలుసు. బాజా చేసినవాడి పేరు బాజాలోనే ఉంది. మరి ఆ బాజాను భుజానికి తగిలించుకుని, మే నెల ఎండలో కిలోమీటర్ల కొద్దీ నడుస్తూ ఊదినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే కదా. ఈ సవాల్ కోసమే ఇవాళ ఈ మజ్మూన్ రాస్తున్నా.

ముందు మన మొహల్లాల పేర్లు ఒకసారి చెవిపెట్టి విందాం. పేర్లలో చాలా ఖిస్సాలు దాగి ఉంటాయి. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. తీగ కంచె వేసి పహరా పెట్టిన చోటు కాబట్టి తార్నాకా అయిందని బుజుర్గులు చెప్తారు. పక్కనే హబ్సిగూడ. హబ్షీలంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయీలు, వాళ్ల ఖాందాన్లు. ఇటువైపు లాలాగూడ, నిజాం రైల్వే వర్క్‌షాపు. 1893 నుంచి అక్కడ డబ్బాలు తయారవుతున్నాయి, మరమ్మతవుతున్నాయి. ఇంకొంచెం ముందుకెళ్తే సికింద్రాబాద్, మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన అంగ్రేజుల ఛావనీ. ఒక పక్క ఫౌజు, ఒక పక్క రైలు, మధ్యలో యూనివర్సిటీ. సాక్సోఫోన్ మన దగ్గరికి వచ్చిన రాస్తా ఈ మూడు పేర్లలోనే కనబడుతుంది.

సాక్సోఫోన్ పుట్టుకే ఫౌజు కోసం. అప్పట్లో ఫ్రాన్స్ మిలిటరీ బ్యాండుల్లో ఒక కమీ ఉండేది. ట్రంపెట్ లాంటి ఇత్తడి వాయిద్యాలు గట్టిగా మోగుతాయి కానీ మెత్తదనం తక్కువ. క్లారినెట్ లాంటి కర్ర వాయిద్యాలు మెత్తగా పలుకుతాయి కానీ మైదానంలో దూరానికి వినిపించవు. సాక్స్ ఈ రెంటినీ కలిపాడు. ఒళ్లు ఇత్తడిది, నోటి దగ్గర మాత్రం క్లారినెట్‌కు ఉన్నట్టే రెల్లుతో చేసిన సన్నని రీడు. 1845లో ప్యారిస్ మైదానంలో వేలమంది ముందు పోటీ జరిగింది. ఒకవైపు పాత తరహా ఫౌజీ బ్యాండు, ఇంకోవైపు సాక్స్ కొత్త వాయిద్యాలతో బ్యాండు. సాక్స్ బ్యాండే గెలిచింది. మరుసటి ఏడు, 1846 జూన్ 28న సాక్సోఫోన్‌కు పేటెంటు దొరికింది. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒక పూరా ఖాందాన్‌నే ఆయన ఆ కాగితంలో రాసుకున్నాడు. వాటిలో మన బ్యాండుల్లో కనబడేవి ముఖ్యంగా రెండు, ఆల్టో, టెనర్.

గెలిచాడు కదా, ఇక ఆయన కిస్మత్ బాగుండాలి. కానీ పోటీదారులు కోర్టుల చుట్టూ తిప్పారు. మూడుసార్లు దివాలా తీశాడు. 1894లో గరీబుగానే పోయాడు. ప్యారిస్‌లోని పెద్ద సంగీత విద్యాలయంలో 1857 నుంచి ఫౌజీ విద్యార్థులకు ఆయన చెప్పిన సాక్సోఫోన్ క్లాసు 1870లో మూతపడింది. మళ్లీ తెరవడానికి 1942 దాకా పట్టింది. డెబ్బై రెండేళ్లు! ఆ డెబ్బై రెండేళ్లూ సాక్సోఫోన్‌ను బతికించింది ఎవరు? ఫౌజీ బ్యాండులు, సర్కస్‌లు, అమెరికాలో నల్లజాతి కళాకారులు, డాన్సు హాళ్లలో రాత్రంతా వాయించిన మజ్దూర్లు. పెద్ద విద్యాలయం తలుపు మూసుకున్నప్పుడు సడకే దానికి మదర్సా అయింది. ఈ మాట యాద్ పెట్టుకోండి, మన దగ్గర జరిగింది కూడా కొంత ఇలాంటిదే.

మన హైదరాబాద్‌కు ఊదే వాయిద్యాలు కొత్త కాదు. నౌబత్ పహాడ్ పేరు విన్నారు కదా, ఇప్పటి బిర్లా మందిర్ పక్క గుట్ట. అక్కణ్నుంచి నగారాలు మోగించి షాహీ ఎలాన్‌లు చేసేవారని చెప్తారు. నగారా, నఫీరీ, షెహనాయీ, ఇవన్నీ దర్బారు ఆవాజ్‌లు. తర్వాత ఛావనీలోకి అంగ్రేజుల పల్టన్లు వచ్చాయి, వాళ్ల వెంట వాళ్ల బ్యాండులు వచ్చాయి. రాజులు, నవాబులు వాళ్లను చూసి తామూ బ్యాండులు పెట్టుకున్నారు. పక్క సంస్థానం మైసూరులో 1868లోనే ప్యాలెస్ బ్యాండు ఏర్పడింది.

ఫౌజు ఆవాజ్ షాదీ ఆవాజ్ కావడం మన షహర్‌లో పాత ఖిస్సానే. మర్ఫానే చూడండి. వనపర్తి రాజా నిజాంకు ఇచ్చిన ఆఫ్రికన్ సిపాయీలతో ఒక గుర్రపు దళం ఏర్పడింది. వాళ్లున్న చోటే ఇవాళ్టి ఏ.సి. గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఇంకో పక్క యమన్ నుంచి వచ్చిన అరబ్ సిపాయీలు. వాళ్ల బ్యారక్స్‌లే మన నోళ్లలో నలిగి బార్కస్ అయింది. వాళ్ల వెంట వచ్చిన డప్పుల తాళమే మర్ఫా. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ తర్వాత నిజాం ఫౌజు చెదిరిపోయింది. సిపాయీల నౌకరీలు పోయాయి. మర్ఫా మాత్రం పోలేదు. అది బారాత్‌లోకి, వలీమా దావత్‌ల వాకిట్లోకి వచ్చి కూర్చుంది. పల్టన్ పోయినా తాళం మిగిలింది. తర్వాత గణేశ్ జులూస్‌లో, ఎలక్షన్ జులూస్‌లో కూడా అదే మర్ఫా. సాక్సోఫోన్ నడిచింది కూడా ఇదే దారిలో, పరేడ్ మైదానం నుంచి పెళ్లి ఊరేగింపుకు.

రైలు కథ వేరే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. రైలు వెంట ఆంగ్లో ఇండియన్ ఖాందాన్లు వచ్చి లాలాగూడ, మెట్టుగూడ కాలనీల్లో స్థిరపడ్డాయి. దేశమంతటా రైల్వే కాలనీల్లో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉండేది, అందులో చెక్క నేల హాలు, శనివారం డాన్సు. డాన్సుంటే బ్యాండు ఉండాల్సిందే. 1930లు వచ్చేసరికి జాజ్ హిందుస్తాన్ చేరింది. 1935లో అమెరికా నల్లజాతి కళాకారుడు లియాన్ ఆబీ తన బృందంతో బంబయి తాజ్ హోటల్లో వాయించాడు. గోవా నుంచి బంబయి వెళ్లిన కళాకారులు ఆ వాయిద్యాలను సినిమా స్టూడియోల్లోకి తెచ్చారు. కలకత్తా నుంచి వచ్చిన మనోహరీ సింగ్ సాక్సోఫోన్‌కు హిందీ సినిమా పాటలో ఒక జాగా ఖాయం చేశాడు. అక్కణ్నుంచి గల్లీ దాకా రావడానికి ఎంతసేపు? రేడియోలో పాట, మరుసటి మూహూర్తానికి బ్యాండులో అదే పాట.

ఇప్పుడు బ్యాండు లోపలికి పోదాం. బయటి నుంచి చూస్తే ఎర్ర కోట్లు, బంగారు రంగు దారాలు, తలమీద కుచ్చు టోపీలు. లోపల మాత్రం పక్కా హిసాబ్ ఉంటుంది. ముందు వరసలో ట్రంపెట్లు, మధ్యలో క్లారినెట్లు, సాక్సోఫోన్, వెనక యూఫోనియం లాంటి బరువు ఇత్తడి వాయిద్యాలు, పక్కన సైడ్ డ్రమ్ము, పెద్ద ఢోల్. చిన్న బ్యాండులో ఒక్క ఆల్టో సాక్సోఫోన్ ఉంటుంది, పెద్ద బ్యాండులో దానికి తోడు టెనర్ కూడా. దేశంలో బ్యాండు వాయిద్యాలకు పేరున్న చోటు మీరఠ్‌లోని జలీ కోఠీ. అక్కడ 1885లో నాదిర్ అలీ, ఇమామ్ బఖ్ష్ మొదలుపెట్టిన కంపెనీ ఇప్పటికీ ప్రసిద్ధి. నాదిర్ అలీ అంగ్రేజీ ఫౌజులో బ్యాండు మాస్టర్‌గా పనిచేసినవాడు. అంటే ఫౌజు నుంచి షాదీకి వచ్చిన మనిషే ఆయన కూడా.

బ్యాండువాళ్లకు ఏం ఇల్మ్ ఉంటుందిలే అనేవాళ్ల కోసం ఒక చిన్న విషయం చెప్తా. ట్రంపెట్ మీద 'సి' పట్టు పట్టి ఊదితే బయటికొచ్చే ఆవాజ్ హార్మోనియం మీది 'సి' కాదు, బి-ఫ్లాట్. ఆల్టో సాక్సోఫోన్ మీద 'సి' పట్టు పడితే వచ్చేది ఇ-ఫ్లాట్. రెండూ ఒకే శ్రుతిలో కలవాలంటే ట్రంపెట్ వాయించే మనిషి 'సి' దగ్గర పాట ఎత్తుకున్నప్పుడు సాక్సోఫోన్ మనిషి 'జి' దగ్గర ఎత్తుకోవాలి. పాట మొత్తం అలాగే జరుపుకుంటూ పోవాలి. కాలేజీలో దీనికి కాగితం, పెన్సిల్, ఒక సెమిస్టర్ కావాలి. మన బ్యాండులో చాలామందికి కాగితం మీది నోట్స్ చదవడం రాదు. చెవితో వింటారు, వేళ్లు జరుపుతారు. దూల్హా తమ్ముడు వచ్చి "చాచా, ఆ పాట వాయించు" అంటే రెండు నిమిషాల్లో పన్నెండుమంది ఆ పాటలో ఉంటారు. ఇది ఇల్మ్ కాకపోతే మరేంటి?

ఇంకొకటి, ఎండ. ఊదే వాయిద్యం లోపల గాలి వేడెక్కే కొద్దీ శ్రుతి పైకి పోతుంది. పెళ్లిళ్ల మోసం ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. ట్రంపెట్ ఒకలాగా, క్లారినెట్ ఒకలాగా వేడెక్కుతాయి. నడుస్తూ నడుస్తూ ఆ తేడాను పెదవుల బిగింపుతో సర్దుకుంటూ ఉండాలి. ఆల్టో సాక్సోఫోన్ రెండున్నర కిలోల దాకా బరువు. ఆ బరువంతా మెడలో పట్టీకే వేలాడుతుంది. వెనక జనరేటర్ పొగ, ముందు పటాకులు, తలమీద ఉన్ని కోటు. ఎప్పుడైనా ఆ జాగాలో నిలబడి పది నిమిషాలు ఊదగలమా అని మనల్ని మనం అడుగుదాం.

మా నానా అలా ఊదినవారిలో ఒకరు. లాలాగూడ వైపు ఒక గల్లీలో దర్జీ పని చేసేవారు. బ్యాండు కోట్లు కుట్టడానికి వెళ్లి బ్యాండులో కలిశారట. ముందు క్లారినెట్, తర్వాత ఆల్టో. మా అమ్మీ చెప్పేది: ఇంట్లో ఒక గోడకు ఇస్లామీ కేలండర్, ఇంకో గోడకు తెలుగు పంచాంగం. రంజాన్ ఎప్పుడో ఒక గోడ చెప్తుంది, రోజీ ఎప్పుడో రెండో గోడ చెప్తుంది. మూఢం ఎప్పుడు పడుతుంది, శూన్యమాసం ఎప్పుడు, శ్రావణంలో ఎన్ని ముహూర్తాలు, ఇవన్నీ మా నానాకు పంతులుగారి కంటే ముందే తెలుసు. ముహూర్తాలున్న నెలల్లో ఊదేవారు, మిగతా నెలల్లో మిషన్ తొక్కేవారు. ఆయన తోటివాళ్లలో ఒకరు సున్నాలు వేసేవారు, ఒకరు రిక్షా, ఒకరు పండ్ల బండి.

ఇక్కడే నాకు ఒక మాట మీద శక్ వస్తుంది. శౌక్‌గా వాయించేవాళ్లు, పేషాగా వాయించేవాళ్లు అని మనం రెండు డబ్బాలు పెట్టుకున్నాం. యూనివర్సిటీ హాస్టల్లో గిటార్ పట్టుకున్న పిల్లవాడు శౌక్ వాలా. అతనికి ఇజ్జత్ ఉంది, ఎందుకంటే అతను పైసల కోసం వాయించడం లేదు. బారాత్ ముందు ఊదేవాడు పేషా వాలా. అతనికి ఇజ్జత్ లేదు, ఎందుకంటే పైసలు తీసుకుంటాడు. కానీ ఏడాదిలో సగం రోజులు పనే లేని పేషా ఏం పేషా? కుట్టుమిషన్ మీద సంపాదించిన పైసలతో రీడ్లు కొనుక్కుని, పని లేని ఆషాఢంలో కూడా రోజూ మగ్రిబ్ తర్వాత డాబా మీద రియాజ్ చేసిన మనిషిని శౌక్ వాలా అనకుండా ఏమనాలి? యూరప్‌లో, అమెరికాలో ఊరూరా సాక్సోఫోన్ బృందాలున్నాయి. పగలు టీచర్, క్లర్కు, డ్రైవర్. సాయంత్రం ఒక హాల్లో కలిసి సోప్రానో నుంచి బారిటోన్ దాకా వరసగా కూర్చుని వాయించుకుంటారు. వాళ్లను గౌరవంగా శౌక్ కళాకారులు అంటారు. మన గల్లీ బృందమూ అదే. తేడా ఏమంటే వాళ్లకు కుర్చీలున్నాయి, మనవాళ్లు నడుస్తున్నారు.

ఇజ్జత్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా ఖాలాకు రిష్తా వచ్చినప్పుడు ఇంట్లో బాజా పెట్టెను మంచం కిందికి తోశారట. "దర్జీ దుకాణం ఉంది అని చెప్పండి, బ్యాండు మాట ఎత్తొద్దు" అని పెద్దల తాకీదు. వచ్చినవాళ్లు కూడా ముసల్మాన్లే, గరీబులే. మనం బయటివాళ్లు చూసే చిన్నచూపు గురించి చాలా రాస్తాం, రాయాలి కూడా. ఇంట్లో మనం మనవాళ్లనే చూసే చిన్నచూపు గురించి తక్కువ రాస్తాం. సయ్యద్, షేక్, పఠాన్ ఒకవైపు. దూదేకుల, ఫకీర్, బ్యాండువాలా, గారడీవాలా ఇంకోవైపు. మస్జిద్‌లో ఒకే సఫ్‌లో నిలబడతాం, దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చేసరికి దూరాలు లెక్కేస్తాం. మా నానా ఆ రోజు ఏమన్నారని అమ్మీని అడిగా. ఏమీ అనలేదట. సాయంత్రం పెట్టె బయటికి తీసి, తుడిచి, మళ్లీ రియాజ్‌కు కూర్చున్నారట.

దీన్ మాట కూడా దాటవేయలేం. మౌసిఖీ జాయిజా కాదా అని ఉలమాల మధ్య ఎప్పటినుంచో ఇఖ్తిలాఫ్ ఉంది. నిఖా ఎలాన్ కోసం దఫ్‌కు ఇజాజత్ ఉందని చాలామంది అంటారు. ఇత్తడి బాజాలు వద్దంటారు. దర్గాల్లో సమా, ఖవ్వాలీ సాగుతూనే ఉన్నాయి. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, ఆ ఇల్మ్ నాకు లేదు. నాకు తెలిసింది తవారీఖ్ వరకే. ఆ తవారీఖ్ చెప్పేది ఏమిటంటే, మన ఇళ్లలో వద్దనుకున్న బాజాను పక్కింటి హిందూ పెళ్లిలో ఊది మనవాళ్లు పిల్లల ఫీజులు కట్టారు. ఉత్తర హిందుస్తాన్‌లో కూడా పెళ్లి బ్యాండుల పేషాలో ముసల్మాన్లే పెద్ద సంఖ్యలో ఉన్నారని పరిశోధకులు రాశారు. తెలుగు పెళ్లిలో దేవుడి పాట ఎత్తుకునేదీ, అప్పగింతల్లో తల్లి కళ్లు తడిపేదీ చాలాచోట్ల ఒక ముసల్మాన్ ఊపిరే. గంగా-జమునీ తహజీబ్ అని మనం స్టేజీల మీద ఉపన్యాసాలిస్తాం. దాన్ని రోజు కూలీకి మోసుకుంటూ తిరిగినవాళ్లు వీళ్లు.

మరి ఇదే ఊపిరి ఇంకోచోట ఎంత ఇజ్జత్ సంపాదించిందో చూడండి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వర విద్వాంసుడు. చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు, తర్వాత తమిళనాడు వెళ్లి తంజావూరు బాణీ పట్టుకున్నారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. ఆ పరంపరలోనే షేక్ మహబూబ్ సుభానీ, ఆయన బేగం కాలీషాబీ, ఇద్దరికీ కలిపి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాదస్వరం పట్టిన ముసల్మాన్ ఔరత్‌కు దేశం సలాం చేసింది. మన తెలుగు ముసల్మాన్ ఇళ్లలో ప్రతి పిల్లకూ ఈ పేర్లు తెలియాలి.

సాక్సోఫోన్‌కు కూడా ఆ ఇజ్జత్ తెచ్చిన మనిషి ఒకాయన ఉన్నారు. మంగుళూరు వైపు కద్రి గోపాల్‌నాథ్. నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దాని ఆషిక్ అయ్యారు. ఏళ్ల తరబడి రియాజ్ చేసి, మీటల బాజా మీద గమకాలు పలికించారు. 1994లో లండన్ ఆల్బర్ట్ హాల్లో బిబిసి ప్రామ్స్‌లో వాయించారు, 2004లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో పోయారు. ఇవాళ తెలుగు పెళ్లి పందిట్లో సన్నాయి జాగాలో సాక్సోఫోన్ కూర్చుందంటే ఆయన మెహనతే. నిజానికి ఈ రెండు వాయిద్యాలు దూరపు చుట్టాలు. రెండూ గరాటులా వెడల్పయ్యే గొట్టాలే, గట్టిగా ఊదితే రెండూ సరిగ్గా పై స్థాయికే ఎగురుతాయి. క్లారినెట్ అలా ఎగరదు. అందుకే సన్నాయి వేళ్లకు సాక్సోఫోన్ తొందరగా దొరుకుతుంది.

గమనించండి, కద్రి విన్నదీ ఒక బ్యాండునే. ఆ ప్యాలెస్ బ్యాండులో ఆ రోజు ఊదుతున్న మనిషి ఎవరు? ఆ పేరు ఎవరికీ యాద్ లేదు. స్టేజీ ఎక్కినవాడికి పేరుంటుంది, పాంఫ్లెట్ మీద అచ్చవుతుంది, పేపర్లో ఫోటో పడుతుంది. నడిచేవాడికి పేరుండదు. బ్యాండు బండి మీద దుకాణం యజమాని పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. లోపల ఊదే పన్నెండు మందిలో ఒక్కరి పేరూ ఉండదు. పెళ్లి వీడియోలో కూడా కెమెరా వాళ్ల మీద రెండు సెకన్లు ఆగి దూల్హా వైపు తిరుగుతుంది.

మళ్లీ యూనివర్సిటీకి వద్దాం. ఉస్మానియా 1918లో ఏర్పడింది, 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర కిరాయి ఇళ్లలో క్లాసులు మొదలయ్యాయి. మొత్తం చదువు ఉర్దూలో. డాక్టరీ, ఇంజనీరింగ్, కానూన్ అన్నీ. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపారు, జోష్ మలీహాబాదీ లాంటి షాయర్ అందులో నౌకరీ చేశారు. వందల పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. పరాయి ఇల్మ్‌ను మన జబాన్‌లోకి తేవడం అంటే ఏమిటో ఆ సంస్థ చూపించింది. దాని మీద థీసిస్‌లున్నాయి, సెమినార్లు జరుగుతాయి. 1948 తర్వాత ఉర్దూ మీడియం పోయింది, యాద్ మాత్రం మిగిలింది.

అక్కడికి ఒక మైలు దూరంలో ఇంకో తర్జుమా జరిగింది. ఫ్రాన్స్ ఫౌజు కోసం బెల్జియం మనిషి చేసిన బాజాను, పియానో మెట్ల లెక్కన కోసిన దాని స్వరాలను, తెలుగు పెళ్లి పాటలోకి, ఖవ్వాలీ ఎత్తుగడలోకి, మర్ఫా తాళంలోకి తర్జుమా చేశారు. జీతం లేదు, దఫ్తర్ లేదు, లుగత్ లేదు. దర్జీలు, సున్నాలవాళ్లు, రిక్షావాళ్లు చేసిన తర్జుమా అది. నేను ఉస్మానియాలో చదివిన రోజుల్లో దారుల్ తర్జుమా గురించి నోట్స్ రాసుకున్నా. అదే కిటికీలోంచి తార్నాకా సడక్ మీది బ్యాండు వినబడేది. రెండింటినీ ఒకే కాగితం మీద రాయాలని ఏ సిలబస్ చెప్పలేదు.

ఇప్పుడు ఈ హునర్ కరిగిపోతోంది. ఒక లారీ, నాలుగు పెద్ద స్పీకర్లు, ఒక లాప్‌టాప్ ఉంటే డీజే. పన్నెండుమందికి ఇచ్చే మజ్దూరీ ఇద్దరితో సరి. బ్యాండు ఉన్నచోట కూడా బండి మీద కీబోర్డు, మైకు ముందుకొచ్చాయి. సాక్సోఫోన్ కొన్నిచోట్ల ఫోటో కోసం పట్టుకునే వస్తువైంది. పిల్లలు ఈ పేషాలోకి రావడం లేదు, రమ్మని నేనూ అనను. ఎండలో నడవమని ఎవరి ఔలాద్‌కూ చెప్పలేం. చదువుకోవాలి, ఏసీ గదుల్లో కూర్చునే హఖ్ వాళ్లకూ ఉంది. ఇవాళ బ్యాండువాళ్ల నవాసాలు, పోతాలు హబ్సిగూడలో, తార్నాకాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, లాబొరేటరీలకు పోతున్నారు. మాషా అల్లాహ్. నా ఫికర్ వేరే. పేషా పోయేటప్పుడు దాని వెంట పేర్లు కూడా పోతున్నాయి.

అందుకే ఇది చదివే ప్రతి ఖాందాన్‌కు నా గుజారిష్. మీ దాదా, నానా, చాచా, మామూలలో ఎవరైనా బ్యాండులో ఊదారా? ఆయన పూరా పేరు, ఆయన వాలిద్ పేరు, ఏ మొహల్లా, ఏ బాజా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు, ఒక కాగితం మీద రాయండి. ఎర్ర కోటు ఫోటో ఉంటే ఫోన్‌తో తీసి పెట్టండి, వెనక తారీఖు రాయండి. హయాత్‌లో ఉన్నవాళ్లు ఉంటే పక్కన కూర్చుని ఏ పాట ఏ పట్టు మీద ఎత్తుకునేవారో అడిగి రికార్డు చేయండి. అప్పగింతల పాట ముందు ఊదించండి, దాంట్లోనే వాళ్ల హునర్ అంతా ఉంటుంది. మీ ఇంట్లో పాత సాక్సోఫోన్ ఉంటే ఇత్తడి తూకానికి అమ్మకండి. పిల్ల పెళ్లి మాటలు జరిగేటప్పుడు ఆ పెట్టెను మంచం కింద పెట్టకండి.

ఉస్మానియాలో చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. తవారీఖ్‌లో, సోషియాలజీలో, ఉర్దూలో, తెలుగులో రీసెర్చ్ టాపిక్ కోసం తిరుగుతుంటారు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు దిగి లాలాగూడ దాకా నడవండి. అక్కడ ఇంకా కొందరు బుజుర్గులు ఉన్నారు. చాయ్ తాగుతూ మాట్లాడతారు. వాళ్లను బ్యాండువాలా అని పిలవకండి, ఉస్తాద్ అని పిలవండి. ముందు కొంచెం ఆశ్చర్యపోతారు, ఆ తర్వాత చెప్పడం మొదలుపెడతారు.

మా నానా పేరు మా ఇంటి కాగితంలో రాసేశాను. ఆల్టో, అప్పుడప్పుడు క్లారినెట్, లాలాగూడ, పగలు దర్జీ. నేర్పిన ఉస్తాద్ పేరు దగ్గర ఖాళీ ఉంది. అమ్మీకి గుర్తు లేదు. ఆ గల్లీలో మిగిలిన ఇద్దరు ముసలివాళ్లను ఈ ఇత్వార్ వెళ్లి అడగాలి.